పిట్ట వాలే పెరడు

వరి కోతలు ముగిసి ధాన్యం ఇల్లు చేరే రోజుల్లో తెలుగు పల్లెల్లో ఒక చిన్న వేడుక ఉండేది. మంచి కంకులను ఏరి, జడలాగా అల్లి, కుచ్చుగా కట్టి ఇంటి వసారా దూలానికో, గుడి మంటపానికో వేలాడదీసేవారు. అది పిచ్చుకల పాలు. ఈ ఆచారం అక్కడక్కడ ఇప్పటికీ ఉంది. పట్నాల్లో కొందరు ఆ కుచ్చులను కొని తెచ్చి బాల్కనీలలో కట్టుకుంటున్నారు కూడా. కాని చాలా ఇళ్ళలో కుచ్చు నెలల తరబడి అలాగే వేలాడుతుంది. గింజ రాలదు; పిచ్చుక రాదు.

లోపం కుచ్చులో లేదు. ధాన్యం పెద్ద పిచ్చుకకు ఆహారం, పిల్లకు కాదు. గుడ్డు చీల్చుకుని వచ్చిన పిల్ల నోటికి మొదటి రోజుల్లో తల్లిదండ్రులు అందించేది ముఖ్యంగా పురుగులను. వెనుకటి ఇంటిలో పిచ్చుకకు కావలసినవన్నీ ఎవరూ పూనుకొని అమర్చకుండానే అమరి ఉండేవి. పశువుల కొట్టం, గడ్డివామి, బీరపాదు పురుగులను ఇచ్చేవి. దూలాల సందులు, తాటాకు చూరు గూటికి చోటిచ్చేవి. నూతి పళ్ళెం దగ్గర ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉండేది. వరికుచ్చు వీటన్నిటి మీద చేసిన అలంకారం మాత్రమే. ఇప్పుడు గూటికి సందు లేదు, పిల్లకు పురుగు లేదు. అలంకారం ఒక్కటే మిగిలింది.

2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ఈ సంగతిని మరో విధంగా చెప్పింది. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్ళుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గుదల కనిపించింది హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, ఢిల్లీ, కలకత్తా, ముంబయి మహానగరాలలో. అంటే పిచ్చుక మనిషిని విడిచిపోలేదు, మారిపోయిన ఇంటిని విడిచిపోయింది. 2023లో వచ్చిన తరువాతి నివేదిక 942 జాతులను పరిశీలించింది. కోకిల, నెమలి, ఊరపావురం వృద్ధి చెందుతుండగా, దసరానాడు తెలంగాణలో జనం వెతికి వెతికి దర్శించుకునే పాలపిట్ట గణనీయంగా తగ్గుతున్నదని అది తేల్చింది. పాలపిట్ట బీళ్ళలో, పొలాలలో పురుగులను పట్టి బతికే పక్షి. ఏవి పెరుగుతున్నాయో, ఏవి తరుగుతున్నాయో చూస్తే, పెరటి తోట పెంచేవారు ఆలోచించవలసింది గింజల గురించి కాదని తెలుస్తుంది.

పక్షిని పిలవడమంటే మేత చల్లడమే అనుకోవడం వాడుక. అంతకంటె మంచి సూత్రం ఒకటి ఉంది. ఆ నేలలో, ఆ ఋతువులో పక్షికి ఏది కొరవడుతుందో దానినే సమకూర్చాలి. ఆ కొరత దేశమంతటా ఒకటి కాదు. దక్కను పీఠభూమిలో ఎండాకాలపు నీరు కొరత, హిమాలయపు ఊళ్ళలో శీతకాలపు పండు కొరత. మరుభూమిలో నీడ కరువు. కేరళ తీరంలో నీరూ నీడా పండూ అన్నీ పుష్కలమే. అక్కడ కరువైనది తొర్ర.

ముందుగా పువ్వుల మాట, ఎందుకంటే తోట అనగానే అందరికీ తోచేది పువ్వే. సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపారు. 1932లోనే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో మన దేశపు పూల పక్షుల గురించి, పక్షులను ఆశ్రయించిన పూల గురించి సుదీర్ఘమైన వ్యాసం ప్రకటించారు. బూరుగు, మోదుగ వంటి చెట్లు ఆకు రాల్చి ఒళ్ళంతా ఎర్రని పూలతో నిలబడడం వెనుక పక్షులతో కుదుర్చుకున్న బేరం ఉంది. అవి తేనె ఇస్తాయి, పిట్టలు పుప్పొడి మోస్తాయి. బూరుగు పెరట్లో పట్టదు కాని, అదే బేరాన్ని చిన్న ఎత్తున సాగించే మొక్కలు ఎన్నో ఉన్నాయి. రేక మందారం, దానిమ్మ, అడ్డసరం, నూరువరహాలు, మునగ, చివరకు అరటిపువ్వు కూడా తేనెపిట్టను రప్పిస్తాయి. రేక మందారమనే చెప్పడానికి కారణం ఉంది. ముద్ద మందారం చూపులకు ఘనంగానే ఉంటుంది కాని, అన్ని రేకుల మధ్య దారి చేసుకుని తేనె అందుకోవడం పిట్టకు కష్టం. నర్సరీలవారు ముద్దపూలనే మెచ్చుకుంటారు. పిట్ట అభిరుచి వేరు.

ఈ తేనెపిట్టను హమ్మింగ్‌బర్డ్ అని పిలవడం ఈ మధ్య పరిపాటి అయింది. హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాల పక్షి, మన దేశంలో లేదు. ఆ పక్షి గాలిలో నిలిచి తేనె తాగుతుంది. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి, మెడ సాచి తాగుతుంది. అందుచేత ఎర్ర ప్లాస్టిక్ సీసాలలో పంచదార నీళ్ళు నింపి వేలాడదీసే కంటె, పిట్ట బరువు ఓర్చే గట్టి రెమ్మలున్న మొక్క ఒకటి నాటడం మేలు. పైగా తేనెపిట్ట కూడా తన పిల్లలకు పెట్టేది సాలెపురుగులు, చిన్న పురుగులే. వేలాడే గూటిని అది సాలీడు దారంతోనే బిగిస్తుంది. ప్రతి మూలా బూజు దులిపి, ప్రతి ఆకుకూ పురుగుమందు కొట్టిన తోటలో మందారాలు ఎన్ని పూసినా తేనెపిట్ట వచ్చి తాగి పోతుందే తప్ప సంసారం పెట్టదు.

ఇక నీరు. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మే నెల మధ్యాహ్నం కాకులు ముక్కులు తెరిచి గోడల నీడన నిలబడి ఉండడం అందరూ చూసేదే. పక్షికి చెమట పట్టదు. దాని శరీరంలో స్వేద గ్రంథులే లేవు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెంటిగ్రేడ్‌కు దగ్గరగా ఉంటుంది. బయటి వేడి దానిని మించినప్పుడు నోరు తెరిచి రొప్పుతూ, లోపలి తేమను ఆవిరిగా విడిచి చల్లబడడం తప్ప వేరే ఉపాయం లేదు. అలా పోయిన నీటిని మళ్ళీ నింపుకోవాలి. వేసవిలో ఊరి చెరువు ఎండిపోయినప్పుడు నీడలో పెట్టిన ఒక మూకుడు నీళ్ళకున్న విలువ బస్తా గింజలకు లేదు.

పాత్ర విషయంలో కొంత పట్టింపు అవసరం. లోతు రెండు అంగుళాలు మించరాదు. పిచ్చుక, బుల్‌బుల్ కాళ్ళు ఆనే చోటే స్నానం చేస్తాయి. స్టీలు పళ్ళెం జారుతుంది, ఎండకు కాలుతుంది. గరుకైన మట్టి మూకుడే శ్రేష్ఠం. పొదకు మరీ ఆనించి పెడితే పిల్లి పొంచి ఉంటుంది, మరీ బయట పెడితే పిట్టకు దిగడానికి ధైర్యం చాలదు. రెండు మూడు గజాల దూరం రెండిటికీ మధ్యేమార్గం. నీరు రోజూ మార్చాలి, వారానికొకసారైనా పాత్రను పీచుతో తోమాలి. డెంగ్యూ దోమ గుడ్లు పాత్ర అంచులకు అంటుకుని ఉంటాయి కనుక ఒంపి మళ్ళీ నింపినంత మాత్రాన పోవు.

దక్కను తోటలో నీటి తరువాత విలువైనది ఎండుటాకు. మామిడి చెట్టు కింద రాలిన ఆకును ప్రతి ఉదయం ఊడ్చి తగలబెట్టడం శుభ్రతగా చెలామణి అవుతున్నది. ఆ ఆకుల అడుగున చెమ్మ ఉంటుంది, చెమ్మలో చెదలు, జెర్రులు, వానపాములు ఉంటాయి. సిడపిట్టలు గుంపుగా వచ్చి, ఒకదానినొకటి గదమాయించుకుంటూ ఆ ఆకులను తిరగేస్తాయి. వానాకాలం వెనుదిరిగే రోజుల్లో, ఒక్కొక్క తెల్లవారుజామున, ఎన్నడూ చూడని ఒక పిట్ట అక్కడ కనిపించవచ్చు. పొట్టి తోక, ఆకుపచ్చని వీపు, రెక్కపై నీలం, కడుపు కింద ఎరుపు. ఉత్తరాదివారు దానిని నవరంగ్ అంటారు. హిమాలయ పాదాల అడవులలోను, మధ్య భారతంలోను గూడు కట్టి, చలికాలానికి దక్షిణాదికీ సింహళానికీ వలస వచ్చే పక్షి అది. రాత్రులు ప్రయాణం చేస్తుంది. అలసిపోయి ఊళ్ళ నడుమ దిగుతుంది, దారితప్పి ఇళ్ళలోకి కూడా వస్తుంది. వందల మైళ్ళు ఎగిరి వచ్చిన పక్షికి ఆ ఉదయం కావలసింది బియ్యం కాదు, ఎండుటాకుల కింద కదిలే పురుగు.

ఆ పక్షి బయలుదేరిన దిక్కుకు, ఇంకా ఎత్తుకు పోతే కొరత మారుతుంది. సిమ్లా, ఆల్మోరా ప్రాంతాలలో నీటికి అంత ఇబ్బంది లేదు. అక్కడి కష్టం డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. పై కొండలలో మంచు పడగానే అక్కడి పక్షులు కిందికి దిగుతాయి. తోటలకు కొత్త ముఖాలు వస్తాయి, తినడానికి మాత్రం ఏమీ ఉండదు. కుమావూఁలో పద్మ్ అని పిలిచే అడవి చెర్రీ ఇక్కడ అక్కరకు వస్తుంది. తక్కిన చెట్లు ఆకు రాల్చుతున్న వేళ, శరత్తు చివర ఇది గులాబి రంగు పూలు పూస్తుంది. తేనెటీగలు, తేనెపిట్టలు దాని చుట్టూ మూగుతాయి. ఘింగారు అనే ముళ్ళపొద కొమ్మల నిండా ఎర్రని చిన్నకాయలు కాస్తుంది. కంచెకు కంచె, బుల్‌బుల్‌కు భోజనం. ఫిబ్రవరి తరువాత బురాంశ్ ఎర్రగా విరగబూసిందంటే గడ్డుకాలం గడిచినట్టే. మంచు కురిసే వారాలలో గింజలు చల్లడం అక్కడ నిజంగా ఉపకారమే. ఇదే పని హైదరాబాదులో చేస్తే పావురాలు లాభపడతాయి.

సిమ్లా జాకూ కొండ మీది రాత్నీ కాజిల్‌లో ఏ. ఓ. హ్యూమ్ నివసించాడు. కాంగ్రెసు స్థాపకులలో ఒకడైన ఈ హ్యూమ్ ఆ ఇంట్లో వేలాది పక్షుల తోళ్ళు పోగుచేశాడు. కాంగ్రెసు పుట్టిన 1885లోనే ఆ సంపదనంతా బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చివేసి, తరువాతి కాలంలో మొక్కల అధ్యయనంలో పడ్డాడు. పక్షులను ఎరగాలంటే తుపాకి తప్ప దారి లేదనుకున్న కాలమది. సలీం అలీ పక్షి విద్యకు శ్రీకారం చుట్టినది కూడా చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుకే. దాని పేరు చెప్పి, గాజు బీరువాలు తెరిచి చూపించిన మిల్లర్డ్ పూల చెట్ల మీద మహా మక్కువ గలవాడు. భారతదేశపు అందమైన చెట్ల మీద బ్లాటర్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం ప్రసిద్ధం. పిట్టల ప్రేమ, చెట్ల ప్రేమ ఒకే ఇంట పెరగడం కొత్త కాదు.

మరుభూమిలో తోట అనే మాటే విడ్డూరంగా తోచవచ్చు. కాని జోధ్‌పూర్, బికనేర్ ఇళ్ళలో వేసవి వచ్చిందంటే చెట్టుకొమ్మకు మట్టిపాత్ర వేలాడదీసి నీరు పోయడం ఒక వ్రతం లాంటిది. దానిని పరిండా అంటారు. గుజరాత్ ఊళ్ళలో పక్షుల మేతకోసం నగిషీ చెక్కిన చబుత్రాలే నిలిపారు. ఆ నేలకు తగిన చెట్టు ఖేజ్రీ, అనగా మన జమ్మి. మండు వేసవిలో తక్కినవన్నీ మోడులైనప్పుడు జమ్మి కొత్త చిగురు వేస్తుంది. దాని నీడన పిట్ట మధ్యాహ్నం గడుపుతుంది, పూలకు మూగే పురుగులను తింటుంది. రేగు, కరీర పొదల పండ్లు బుల్‌బుల్‌ల పాలు. ఆ ప్రాంతపు ఔత్సాహికుడు విదేశీ పచ్చిక పరిచి దానిని బతికించడానికి రోజూ పోసే నీళ్ళతో ఇలాంటి పొదలు ఎన్నో పెంచవచ్చు. కత్తిరించిన పచ్చిక మీద కాకి, గోరింక తప్ప మరేవీ పెద్దగా వాలవు.

కేరళ సంగతి దీనికి తలకిందులు. సాలుకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ నేల మీద కొబ్బరి, పోక, పనస, వాటికి అల్లుకున్న మిరియపు తీగ, కింద అరటి, అన్నీ ఒకే ఆవరణలో పెరుగుతాయి. నీళ్ళ మూకుడుతో అక్కడ పని లేదు. ఆ ఇళ్ళకు ఒక మూల సర్పక్కావు ఉండేది. నాగదేవతకు విడిచిన ఆ కొద్దిపాటి చోటులో ఎవరూ కొమ్మ నరికేవారు కారు, ఆకు ఊడ్చేవారు కారు. భయభక్తులే అక్కడ తోటమాలి. స్థలాలు పంపకాలై కావులు చిక్కిపోతున్న కొద్దీ వాటితోపాటు ముసలి చెట్లు పోయాయి, ముసలి చెట్లతో తొర్రలు పోయాయి. తల విరిగిన కొబ్బరి మొద్దును వెంటనే కొట్టివేయక నిలిపి ఉంచితే ఏం జరుగుతుందో చూడదగినది. ముందు వడ్రంగిపిట్ట వచ్చి తొలుస్తుంది. అది విడిచిన గూట్లో గోరింక గానీ, చిలుక గానీ, పగిడికంటె గానీ కాపురం పెడుతుంది. ఇల్లు మీద పడే ప్రమాదం లేని మొద్దు అయితే దానిని నిలిపి ఉంచడానికి రూపాయి ఖర్చు లేదు.

తొర్ర లేనిచోట చెక్కపెట్టె దానికి బదులు. పిచ్చుకకైతే రంధ్రం ఒకటింపావు అంగుళం చాలు. అంతకు మించితే గోరింక ఆక్రమిస్తుంది. పెట్టెను ఏ వైపుకు తిప్పాలన్నది వాతావరణాన్ని బట్టి ఉంటుంది. కొండ ఊళ్ళలో ఉదయపు ఎండ తగలడం మంచిది. దక్కనులో పడమటి ఎండ తగిలే గోడకు కొడితే పిల్లలు మగ్గిపోతాయి. రేకు పెట్టెలు ఎక్కడా పనికిరావు.

పెరడే లేని నగరవాసి సంగతేమిటి? నాలుగో అంతస్తు బాల్కనీలో కూడా చేయదగినది ఉంది. కుండీలో బచ్చలి తీగ పెంచితే దాని ఊదారంగు కాయలకు బుల్‌బుల్ వస్తుంది. కరివేపాకు మొక్కను పూర్తిగా దూసివేయకుండా ఒక కొమ్మ కాయనిస్తే ఆ నల్లని పండ్లకూ అదే గిరాకీ. మిరప మొక్క పెడితే వింత చూడవచ్చు. మన నాలుకను మండించే కారం పక్షికి తెలియదు, పండు మిరపకాయను చెర్రీలాగా మింగుతుంది. వెడల్పాటి ఆకులున్న మొక్క ఉంటే, ఆకు అంచులను దూదిపోగులతో, సాలెదారంతో కుట్టి దొప్ప చేసే కుట్టుపిట్ట కుండీలోనే గూడు పెట్టడం అరుదు కాదు. అది నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తుననే కుడుతుంది. తోటల్లో పిల్లి దానికి మొదటి శత్రువు, కత్తెర రెండవది. దక్కను ప్రాంతంలో చాలా పిట్టలు మార్చి నుంచి సెప్టెంబరు వరకు గూళ్ళు కడతాయి కనుక కంచెల కత్తిరింపు ఆ నెలల తరువాతకు వాయిదా వేసుకోవాలి.

బాల్కనీలో గింజలు చల్లడం మాత్రం మానుకోవలసిన పని. దానివల్ల పెరిగేది పావురాలే. ఎండిన పావురపు రెట్ట ధూళిని ఏళ్ళ తరబడి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయని వైద్యులు హెచ్చరిస్తూ వచ్చారు. 2025లో ముంబయిలో పావురాల మేత స్థలాలను మూసివేయించినప్పుడు జీవకారుణ్యానికీ ప్రజారోగ్యానికీ మధ్య పెద్ద వివాదమే చెలరేగింది. కారుణ్యం కాదనదగినది కాదు, కాని దేశమంతటా పెరిగిపోతున్న ఒక్క పక్షి మీదనే దానిని కుమ్మరించడంలో వివేకం లేదు. మరొక మాట. ఆకాశాన్ని అద్దంలా చూపే పెద్ద కిటికీ ఎదుట నీళ్ళు పెట్టి పిట్టను పిలవడం దానిని గాజుకు కొట్టడమే. లోపల లేత తెర వేసినా, బయట దారాలు వేలాడదీసినా ఆ ప్రమాదం తగ్గుతుంది.

పంజరం ప్రసక్తి కూడా ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది. అదే చిలుకను పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలుకను దగ్గరగా చూడాలనుకునే ఇంటివారు ఒక జామచెట్టు నాటితే చాలు. అయితే కాపు మీద ఆశ కొంత తగ్గించుకోవాలి. చిలుక సగం కొరికి సగం పారవేసే రకం. కింది కొమ్మల కాయలకు గుడ్డ సంచులు కట్టుకుని, చేతికందని పై కొమ్మలను దానికి విడిచిపెట్టడం తోటలున్న ఇళ్ళలో కుదిరే రాజీ. చిలుక కొట్టిన పండు తియ్యనని పిల్లలు దానికోసం పోట్లాడుకునే రోజులు ఒకప్పుడు ఉండేవి. 2018లో కోళికోడ్‌లో నిపా వైరస్ కనిపించిన తరువాత, పిట్టలు గాని గబ్బిలాలు గాని కొరికిన పండ్లు తినవద్దని వైద్యులు చెబుతున్నారు, ఆ మాట పాటించడమే మంచిది. కొరికిన జామపండును చెట్టు మీదనే ఉంచితే మిగిలిన సగానికి మరునాడు బుల్‌బుల్ వస్తుంది. అది వదిలిన దానికి చీమలు వస్తాయి. ఆ చీమల కోసం సిడపిట్టలు మళ్ళీ చెట్టుకిందికి దిగుతాయి.